వడ్డించువాడు మనవాడైనచో

వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని గూర్చున్నను కొదువలేదని మనవారి సామెత. దీనిని మనము నవ్వుచునే వాడుదుము గాని, దీనిలో నొక చేదునిజము దాగియున్నది. వడ్డించువాడు మనవాడు కానిచో కడపంక్తివారి గతి యేమి? క్రైస్తవ సంఘములలోని డీకను పదవి ఈ ప్రశ్ననుండియే పుట్టినది. మన పల్లెలలోని బాప్టిస్టు మందిరములలో ఆదివారమునాడు రొట్టెపళ్లెరమును చేతబట్టి వరుసలవెంట నడచు పెద్దలను చదువరులలో కొందఱు చూచియేయుందురు. వారు గురువులు కారు, జీతగాండ్రును కారు. వారి పదవి పుట్టుపూర్వోత్తరములు ఆ మతమువారు కానివారికిని తెలియదగినవని తలంచి యిచట కొంత వ్రాయుచున్నాము.

క్రీస్తు మరణానంతరము యెరూషలేములోని శిష్యులు తమ యాస్తులను ఉమ్మడిగా నుంచుకొని, దిక్కులేని విధవలకు ప్రతిదినము భోజనము పెట్టుచుండిరి. సంఘము పెరిగినకొలది దానిలో రెండు తెగలు స్పష్టమయ్యెను. ఒక తెగవారు ఆ దేశపు భాష మాటలాడు స్థానికులు; రెండవవారు దూరదేశములనుండి వచ్చి స్థిరపడిన, గ్రీకు మాటలాడు యూదులు. వంటశాలయు వడ్డనయు మొదటివారి చేతులలో నుండెను. మా విధవలకు సరిగా అందుటలేదని రెండవవారు గొణిగిరి. అపొస్తలుల కార్యముల గ్రంథము ఆఱవ యధ్యాయములో ఈ కథ యున్నది.

ఇట్టి ఫిర్యాదు మన సత్రములలోగాని పెండ్లిపందిళ్లలోగాని వచ్చినచో పెద్దలేమందురు? గొణిగినవారిని గసరుదురు, లేదా వారికి వేఱు పంక్తి వేయుదురు. అపొస్తలులు ఈ రెండును చేయలేదు. సంఘమునంతటిని గూర్చుండబెట్టి, బోధ విడిచి భోజనపుబల్లలయొద్ద నిలుచుట తమకు తగదనియు, మంచిపేరు గల యేడుగురిని మీరే యెన్నుకొనుడనియు జెప్పిరి. ఎన్నుకొన్నది జనులు, తలపై చేతులుంచి ప్రార్థించినది అపొస్తలులు. ఆ యేడుగురు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేళ్లే. పేరును బట్టి కులమును పోల్చుకొను అలవాటు గల మన దేశస్థులకు దీని యర్థము విడమరచి చెప్పనక్కఱలేదు. స్థానికులలోను గ్రీకు పేళ్లు గలవారుండిరి గాన పేరొక్కటియే రుజువు కాదని వాదింపవచ్చును. కాని యేడింటికి నేడును అట్లుండుట కాకతాళీయమని మేము నమ్మజాలము. ఎవరు గొణిగిరో వారి చేతికే గరిటె యిచ్చిరి. విధవల కడుపుమంటచే పుట్టిన యీ కథలో ఏడుగురు పురుషుల పేళ్లున్నవి గాని ఒక్క విధవ పేరైనను లేదనియు గమనింపవలెను.

గ్రీకుభాషలో 'డయాకొనోస్' అనగా సేవకుడు, వడ్డించువాడు. తెలుగు బైబిలులో దీనిని 'పరిచారకుడు' అనిరి. విచిత్రమేమన, ఆ యధ్యాయములో ఆ యేడుగురిని ఈ నామముతో పిలువనేలేదు. రెండవ శతాబ్దమునాటి ఐరేనియస్ మొదలగువారు వారిని డీకనులనిరి. తిమోతికి వ్రాయబడిన మొదటి పత్రికలో ఈ పదవికి గావలసిన గుణములు చెప్పబడినవి. రెండు నాలుకలు ఉండరాదు, మద్యమునకు లోబడరాదు, నీచలాభమున కాశపడరాదు, ముందు పరీక్షింపబడవలెను, తన యింటిని చక్కగా నడుపుకొనుచుండవలెను. ఇందు పాండిత్యప్రసక్తి యెందును లేదు. పరుల సొమ్ము చేతబట్టువానికి వలయు లక్షణములే యివి.

స్త్రీలును ఈ సేవలో నుండిరి. రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు కెంక్రేయ సంఘపు ఫీబేను ఈ పదముతోనే పేర్కొన్నాడు. సుమారు 112వ సంవత్సరమున బితూనియా పాలకుడగు ప్లినీ చక్రవర్తికి వ్రాసిన లేఖలో, క్రైస్తవుల సంగతి రాబట్టుటకై 'పరిచారికలు' అని పిలువబడు ఇద్దఱు దాసీలను హింసపెట్టితినని చెప్పినాడు. బానిసస్త్రీలకు సంఘములో నొక పదవి యుండెనన్న మాట మనకు శత్రువు చేతివ్రాతలో దొరకుట వింత.

రోములో 251వ సంవత్సరమున బిషప్పు కొర్నేలియస్ వ్రాసిన లెక్క యొకటి నిలిచియున్నది. అప్పుడా నగరసంఘమున 46గురు పెద్దలును, ఏడుగురు డీకనులును, సంఘము పోషించు విధవలును ఆర్తులును 1500 మందికి పైగాను ఉండిరి. ఇంత ధర్మము చేతులమీదుగా సాగుచుండగా డీకనుల ప్రతిష్ఠయు పెరిగెను. పెరిగి, తలకెక్కెను. 325వ సంవత్సరమున నైసియా మహాసభ తన పదునెనిమిదవ శాసనములో, కొన్ని పట్టణములందు డీకనులు పెద్దలకే ప్రసాదము పంచుచున్నారనియు, వారి నడుమ గూర్చుండుచున్నారనియు మందలించి, తమ హద్దులో నుండుడని యాజ్ఞాపించెను. వడ్డించుటకు బుట్టిన పదవి మూడువందల యేండ్లలో కూర్చుండు చోటుకై తగవులాడినది.

తరువాత పడమటి సంఘమున ఈ పదవి గురుత్వమునకు ఎక్కు మెట్టుగా మాత్రము మిగిలెను. 1541లో జెనీవా పట్టణమున కాల్విను దీనిని మరల బీదలయొద్దకు దెచ్చి, ధర్మధనమును కాపాడువారు, రోగులను జూచువారు అని రెండు విధములుగా నేర్పఱచెను. రోమను కతోలిక సంఘము మాత్రము 1967లో గాని స్థిరమైన డీకను పదవిని తిరిగి నెలకొల్పలేదు. ఆంగ్లికను పద్ధతిలో ఇది నేటికిని గురువగుటకు ముందు దాటవలసిన గడపయే. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమును చాలవఱకు ఈ మార్గమునే యనుసరించినది. బాప్టిస్టుల దారి వేఱు. వారిలో డీకను కాదలచినవానిని ఏ బిషప్పును నియమింపడు. స్థానిక సంఘసభ్యులు కూడి యెన్నుకొందురు. అతడు తన వృత్తిని మానడు.

ఈ పద్ధతి మన దేశమునకు వచ్చినపుడు ఏమి జరిగినదో చూచుటకు ఒంగోలే తగిన చోటు. 1867 జనవరి 1వ తేదీన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అచట ఎనమండుగురు సభ్యులతో సంఘమును స్థాపించెను. మొదట అగ్రవర్ణములవారు కొందఱు వచ్చి, మాదిగలను చేర్చుకొనుట మానినచో తాము చేరుదుమనిరి. క్లౌ దంపతులు దీనిని గూర్చి తర్కించుకొని, లోకములో నీచులైనవారినే దేవుడేర్పఱచుకొనెనను కొరింథీయుల పత్రికావాక్యమును బట్టి మాదిగలనే నిలుపుకొనిరి. అగ్రవర్ణములవారు వెడలిపోయిరి. ఆ మాదిగలలో ముందుగా వచ్చిన యెఱ్ఱగుంట్ల పేరయ్య చర్మపు వర్తకము చేయుచు ఊరూర దిరుగువాడు. ఆ తిరుగుడుతోనే క్రొత్త మతమును బంధువులకు జెప్పినాడు.

1876లో దారుణమైన క్షామము వచ్చినది. క్లౌ బకింగుహాము కాలువలో కొంతభాగము త్రవ్వు కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి యిప్పించెను. ఆయన ప్రచారకులే పనిమీద మేస్త్రీలైరి. బాప్తిస్మ మడుగువారు గుంపులుగా వచ్చినను, అన్నము పెట్టుచున్నంతకాలము ఆయన ఎవ్వరికిని బాప్తిస్మ మియ్యలేదు. సహాయము ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమే 2,222 మందికి బాప్తిస్మ మియ్యబడెను. నీటిలో నిలిచి యిచ్చినవారు తెలుగు ప్రచారకులే. అన్నముకొఱకు మతము మార్చుకొనిరను నింద ఆనాడు తఱచుగా వినవచ్చినది. అది పూర్తిగా అబద్ధమని మేమనము. ఆకలిగొన్నవాని మనస్సులోని దేవుని, అన్నమును వేఱుపఱచి తూచు త్రాసు ఎవరియొద్దను లేదు. కాని తూచుటకు ప్రయత్నించినవాడు ఆ మిషనరీయే యని యొప్పుకొనక తప్పదు.

ఇట్లు చేరినవారెవరు? ఊరివెలుపల నుండి, ఊరివారు వేసిన మిగులు దినుచు, ఏ పంక్తిలోను వడ్డించుటకు గాని కూర్చుండుటకు గాని అర్హత లేనివారు. వీరి సంఘములు పల్లెపల్లెకు నేర్పడగా, రొట్టెను ద్రాక్షారసమును పంచుటకు వీరిలోనివారే నిలువవలసివచ్చెను. కాన్కలను లెక్కించి, బీదవానికి ఇంత యియ్యవలెనని నిర్ణయించు సభలో, తరతరములుగా కళ్లమువద్ద చేయిచాచి నిలిచినవాడు కూర్చుండెను. చదువు రాని డీకను గోడమీద గీతలు గీచి లెక్క యుంచినను అది సంఘపు లెక్కయే. పల్లెలోని పూర్వపు పెద్దఱికమును తోసివేయక, పంచాయతీ పద్ధతినే ఆధారము చేసికొనుట మేలని క్లౌ భావించెను. దీనివలన క్రొత్త పదవి పరాయిదిగా తోచలేదు. అయితే పాత పెద్ద కుటుంబములే క్రొత్త పేరుతో పదవిలో నిలుచుటకును ఇది దారి చూపినదని మా యభిప్రాయము.

మఱియొక లోపమును చెప్పవలెను. పళ్లెరము డీకను చేతిలో నున్నను, పెద్దపెట్టె తాళపుచెవి చిరకాలము మిషను బంగళాలోనే యుండెను. బడిపంతులు జీతము, ప్రచారకుని జీతము అమెరికానుండి వచ్చుచున్నంతకాలము, పల్లెవారు వేయు గుప్పెడు బియ్యమునకు లెక్క చెప్పు డీకను మాటకు బరువెంత? స్వపోషణమును గూర్చి ఆ మిషనులో దీర్ఘకాలము జరిగిన చర్చలన్నిటి క్రింద నున్న ప్రశ్న యిదియే. వంటశాల యెవరిదో తేలక గరిటెను గూర్చి మాటలాడిన ప్రయోజనము తక్కువ.

స్త్రీల సంగతియు అట్లే. 1854 జనవరి 1వ తేదీ ప్రాతఃకాలమున ఒంగోలు కొండపై ప్రార్థించిన యైదుగురిలో, మిషనరీ జూవెట్టు భార్యయు, జూలియా, రూతు అను దేశీయ స్త్రీలిద్దఱును గలరు.  పల్లెసంఘములలో ఉపవాసకూటములు నడుపువారు, పిడికెడు బియ్యము ప్రోగుచేయువారు, పురిటింటికి గంజి మోయువారు స్త్రీలే. ఎన్నికలనాడు పేళ్లు చదువునపుడు మాత్రము పెక్కుచోట్ల పురుషుల పేళ్లే వినవచ్చును.