హిమాలయ ఫర్

హిమాలయ ఫర్ అనునది హిమాలయ పర్వతాలలో ఎత్తైన ప్రాంతాలలో పెరిగే కొన్ని సతతహరిత వృక్షాలకు గల ఉమ్మడి పేరు. ఇవి పైనేసి కుటుంబంలోని అబీస్ ప్రజాతికి చెందిన వివృతబీజ వృక్షాలు. ఈ ప్రజాతిలో సుమారు 50 జాతులు ఉత్తరార్ధగోళమంతటా వ్యాపించి ఉన్నాయి. ఆయుర్వేదంలో వాడే తాళీసపత్రము ఈ వృక్షాల ఆకే. అందువలన వీటి వర్గీకరణ వృక్షశాస్త్రజ్ఞులకే కాక వైద్యులకు కూడా ముఖ్యమైనది.

శాస్త్రీయ వర్గీకరణ

* రాజ్యం: ప్లాంటే
* విభాగం: పైనోఫైటా
* తరగతి: పైనాప్సిడా
* క్రమం: పైనేలిస్
* కుటుంబం: పైనేసి
* ప్రజాతి: అబీస్

సాధారణ లక్షణాలు

* శంఖువు ఆకారంలో నిటారుగా పెరిగే పెద్ద వృక్షము.
* ఆకులు సూదుల వలె సన్నగా, బల్లపరుపుగా ఉంటాయి. అడుగు భాగాన రెండు తెల్లని చారలు కనిపిస్తాయి. ఈ చారలలోనే పత్రరంధ్రాలు ఉంటాయి.
* ఆకు రాలిన చోట కొమ్మపై నునుపైన గుండ్రని మచ్చ మిగులుతుంది. స్ప్రూస్ వృక్షంలో దీనికి బదులు చిన్న మేకు వంటి మొటిమ మిగులుతుంది.
* ఆడ శంకువులు కొమ్మలపై నిటారుగా నిలబడి ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు ఊదా రంగులో ఉండి, ముదిరిన తరువాత చెట్టు మీదనే పొలుసులుగా విడిపోతాయి. కనుక పూర్తి శంకువు నేల మీద దొరకడం అరుదు.
* మగ, ఆడ శంకువులు ఒకే చెట్టుపై ఏర్పడతాయి. విత్తనాలకు రెక్క ఉంటుంది.

రకాలు

అబీస్ పిండ్రో: ఆఫ్ఘనిస్తాన్ ఈశాన్య భాగం నుండి పాకిస్తాన్, కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్‌ల మీదుగా నేపాల్ వరకు పెరుగుతుంది. సుమారు 2,400 నుండి 3,700 మీటర్ల ఎత్తున కనిపిస్తుంది. 40 నుండి 60 మీటర్ల వరకు పెరుగుతుంది. లేత కొమ్మలు నూగు లేక నునుపుగా ఉంటాయి. ఆకులు 4 నుండి 7 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. ఫర్ జాతులన్నింటిలో మిక్కిలి పొడవైన ఆకులు గల వాటిలో ఇది ఒకటి.

అబీస్ స్పెక్టాబిలిస్: సాధారణంగా పిండ్రో కంటే ఎత్తైన చోట్ల, వృక్షరేఖ దాకా పెరుగుతుంది. కొమ్మలపై గాడులు, ఆ గాడులలో నూగు ఉంటాయి. ఆకు పొట్టిగా ఉండి, కొన చీలి, అడుగు చారలు మరింత తెల్లగా ఉంటాయి. శంకువులు కూడా పెద్దవి. దీనికే అబీస్ వెబియానా అను మరొక పేరు కలదు. కుమావూన్ ప్రాంతాన్ని సర్వే చేసిన విలియం వెబ్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. ఆయుర్వేద గ్రంథాలలో నేటికీ ఈ పాత పేరే ఎక్కువగా కనిపిస్తుంది.

అబీస్ డెన్సా: తూర్పు నేపాల్, సిక్కిం, భూటాన్, అరుణాచల్ ప్రదేశ్‌లలోని తడి అడవులలో పెరుగుతుంది. ఆకు అంచులు కిందికి ముడుచుకొని ఉంటాయి.

అబీస్ గాంబ్లీ: పశ్చిమ హిమాలయాలలో పెరిగే, పొట్టి ఆకులు గల రకము. దీనిని కొందరు ప్రత్యేక జాతిగాను, మరికొందరు పిండ్రోలో ఒక ఉపరకముగాను పరిగణిస్తారు. ఈ పేరు అటవీ అధికారి జేమ్స్ సైక్స్ గాంబుల్ పేరు మీదుగా వచ్చినది. ఆంధ్ర ప్రాంతపు మొక్కలను కూడా వివరించే మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథాన్ని ప్రారంభించినది ఈయనే.

వర్గీకరణలో భేదాభిప్రాయాలు

ఎత్తును బట్టి, తేమను బట్టి ఆకుల పొడవు మారుతుంది. రెండు జాతులు కలిసే చోట నడిమి లక్షణాలు గల చెట్లు కూడా కనబడతాయి. అందువలన 19వ శతాబ్దంలో డీట్రిచ్ బ్రాండిస్ పిండ్రోను వెబియానాలో ఒక రకంగా మాత్రమే లెక్కించెను. డెన్సాను స్పెక్టాబిలిస్‌లో కలిపినవారు కూడా కలరు.

1989లో ఫార్జోన్, రష్‌ఫోర్త్‌లు అబీస్ ప్రజాతి మొత్తాన్ని విభాగాలుగా విభజించారు. వారి వర్గీకరణలో స్పెక్టాబిలిస్, డెన్సా సూడోపీసియా విభాగంలో చేరగా, పిండ్రో మాత్రం తూర్పు ఆసియా జాతులతో కలిసి మోమి విభాగంలో చేరింది. ఒకప్పుడు ఒకే జాతిగా తలచిన రెండు వృక్షాలు ఈ విధంగా వేరువేరు విభాగాలకు చెందినవి అయినాయి.

తాళీసపత్రము - గుర్తింపు

భారత ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం తాళీసపత్రము అనగా అబీస్ వెబియానా ఎండుటాకు. దగ్గు, ఉబ్బసాలకు వాడే తాళీసాది చూర్ణంలో మిరియాలు, శొంఠి, పిప్పళ్ళు మొదలైన వాటితో పాటు దీనిని కలుపుతారు.

దక్షిణ భారతదేశపు అడవులలో ఫర్ వృక్షాలు సహజంగా పెరగవు. ఇక్కడి వారికి ఎండుటాకే తప్ప చెట్టు కనబడదు కనుక, ఒకదానికి బదులు మరొకటి అమ్ముడుపోయే అవకాశం ఎక్కువ. ఈ పేరుతో యూ వృక్షం (టాక్సస్) ఆకులను అమ్మడం కలదు. కొన్ని చోట్ల ఫ్లకోర్షియా జాంగోమస్ ఆకులను కూడా ఇదే పేరుతో వాడతారు. యూ ఆకులలోని టాక్సిన్ అను విషం గుండెపై పని చేసి ప్రాణాపాయం కలిగించగలదు. ఈ రెండు ఆకులను ఈ క్రింది విధంగా వేరు చేయవచ్చును:

* ఫర్ ఆకు అడుగున రెండు తెల్లని చారలు ఉంటాయి. యూ ఆకు అడుగు లేత ఆకుపచ్చగా ఉండి, తెల్లని చారలు ఉండవు.
* స్పెక్టాబిలిస్ ఆకు కొన చీలి ఉంటుంది. యూ ఆకు కొన సూదిగా ఉంటుంది.
* అడ్డుకోతను సూక్ష్మదర్శినిలో చూచినచో ఫర్ ఆకులో రెండు జిగురు నాళాలు కనిపిస్తాయి. యూ ఆకులో ఇవి ఉండవు. ఆకు విరిగి ముక్కలైనప్పుడు కూడా ఈ పరీక్ష పనికివస్తుంది. పొడి చేసిన తరువాత మాత్రం గుర్తింపు మిక్కిలి కష్టము.

ఇతర ఉపయోగాలు, సంరక్షణ

ఫర్ కలప తేలికైనది, మెత్తనిది. ఆరుబయట త్వరగా పుచ్చిపోతుంది. ఇంటి లోపలి పనులకు, పెట్టెల తయారీకి వాడతారు. హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ పండ్ల పెట్టెల కోసం ఒకప్పుడు పెద్ద ఎత్తున ఈ చెట్లను నరికేవారు. మొలకలు చాలా నెమ్మదిగా పెరుగుట వలన, పశువుల మేత వలన నరికిన చోట అడవి తిరిగి ఎదగడానికి ఎక్కువ కాలం పడుతుంది.