లక్క పూత లోపాలు (ఏటికొప్పాక)

లక్క పూత లోపాలు అనగా తరిమెన పట్టిన కొయ్య వస్తువులపై వేసిన రంగు లక్కలో కనిపించే పగుళ్ళు, మచ్చలు, పొర ఊడిపోవడం, రంగు వెలిసిపోవడం మొదలైన లోపాలు. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని అనకాపల్లి జిల్లా, ఎస్.రాయవరం మండలానికి చెందిన ఏటికొప్పాక గ్రామంలో తయారయ్యే లక్క బొమ్మలకు నునుపు, మెరుపు ప్రధాన లక్షణాలు. అందువలన ఈ లోపాలు వస్తువు విలువను నిర్ణయిస్తాయి. వీటిలో కొన్ని మళ్ళీ మెరుగు పెట్టడంతో పోతాయి. మరికొన్ని ఎంత మెరుగు పెట్టినా పోవు. అటువంటప్పుడు పూతను పూర్తిగా గీకివేసి కొత్తగా వేయవలసి ఉంటుంది, లేదా ఆ వస్తువునే వదులుకోవలసి వస్తుంది.

నేపథ్యం

ఏటికొప్పాక గ్రామం వరాహ నది ఒడ్డున, విశాఖపట్నం నుండి సుమారు 64 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. బొమ్మలలో సహజ రంగుల వాడకాన్ని పునరుద్ధరించిన ఏటికొప్పాక వాసి సి.వి. రాజుకు భారత ప్రభుత్వం 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్ర ప్రదేశ్ శకటానికి ఏటికొప్పాక బొమ్మలే ఇతివృత్తంగా నిలిచాయి.

పూత వేసే విధానం

బొమ్మలకు అంకుడు కర్రను వాడతారు. ఇది మెత్తగా, తెల్లగా, సన్నని పోగుతో ఉంటుంది. కర్రను ముక్కలుగా కోసి ఆరబెట్టిన తరువాత తరిమెనకు, అనగా లేతు యంత్రానికి బిగించి, తిరుగుతున్నప్పుడు ఉలితో కావలసిన ఆకారానికి చెక్కుతారు. నునుపు చేసిన పిదప రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కొయ్యకు ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వలన పుట్టిన వేడికి లక్క కరిగి కొయ్యకు అంటుకుంటుంది. ఆ తరువాత ఎండిన మొగలి ఆకుతో అదిమితే లక్క సమంగా పరచుకొని మెరుపు వస్తుంది.

లక్క అనేది మోదుగ, రేగు మొదలైన చెట్లపై ఉండే ఒక రకమైన కీటకాలు స్రవించే పదార్థం. శుద్ధి చేసిన లక్క సుమారు 75 నుండి 80 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, చల్లబడితే గట్టిపడుతుంది. మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ కరుగుతుంది. లోపాలను సరిదిద్దే వీలు ఈ గుణం వలననే కలుగుతున్నది.

సరిదిద్దగల లోపాలు

* మెరుపు తగ్గి మసకబారడం
* సన్నని గీతలు
* లక్క ఒకచోట దళసరిగా, మరొకచోట పలుచగా పడిన చారలు

ఇవి పూత పైభాగానికే పరిమితమైనవి. వస్తువు తరిమెనపై ఉండగానే గమనిస్తే, మొగలి ఆకును మరికొంత సేపు అదిమి పట్టడం వలన లక్క తిరిగి కరిగి గీతలు కలిసిపోతాయి.

సరిదిద్దలేని లోపాలు

పగుళ్ళు: పచ్చిదనం పూర్తిగా పోని కొయ్య పూత వేసిన తరువాత కూడా ఆరుతూ కుదించుకుపోతుంది. ఈ కుదింపు అన్ని దిశలలో సమానంగా ఉండదు. అందువలన గుండ్రంగా చెక్కిన వస్తువు కొద్దిగా కోలగా మారుతుంది, లేదా పోగు వెంట చీలుతుంది. గట్టిపడిన లక్కకు సాగే గుణం లేదు కనుక కొయ్యతో పాటు అదీ పగులుతుంది. పగులుపై లక్క నింపినా కొయ్య కదలిక ఆగనంత వరకు అదే చోట మళ్ళీ తెరుచుకుంటుంది.

పొర ఊడిపోవడం: కొయ్యపై తేమ, జిడ్డు లేదా దుమ్ము ఉన్నప్పుడు లక్క సరిగా అంటుకోదు. పైకి మెరుస్తూనే ఉండి, చిన్న దెబ్బకు పెచ్చుగా లేస్తుంది.

మాడిన లక్క: ఎక్కువ వేడికి గురైన లక్క రంగు నల్లబడుతుంది. ఎక్కువ సేపు వేడెక్కిన లక్క క్రమంగా కరిగే గుణాన్ని కోల్పోతుంది. కనుక దానిని ఆకుతో తిరిగి పరచడం సాధ్యం కాదు.

వెలిసిపోవడం: పసుపు వంటి సహజ రంగులు ఎండ తగిలితే త్వరగా వెలుస్తాయి. రంగు లక్కలోనే కలిసి ఉంటుంది కనుక పైపొరను ఎంత మెరిపించినా పోయిన వన్నె తిరిగి రాదు.

తెల్ల మచ్చలు: ఎక్కువ సేపు నీరు తగిలిన లక్క తెల్లబారుతుంది. తేమ లోతుగా దిగితే ఆ మచ్చ నిలిచిపోతుంది.

వీటికి తోడు మరొక ఇబ్బంది ఉన్నది. పూర్తయిన వస్తువును తరిమెన నుండి కోసి వేరు చేసిన తరువాత దానిని అదే కేంద్రంపై తిరిగి బిగించడం కష్టం. అనేక ముక్కలను అతికించి చేసిన బొమ్మల విషయంలో అది దాదాపు అసాధ్యం. పగుళ్ళు, వెలిసిపోవడం వంటివి సాధారణంగా వారాలు, నెలలు గడిచిన తరువాత, వస్తువు కొనుగోలుదారు ఇంటికి చేరాక బయటపడతాయి. అప్పటికి చేతిలో ఉన్న ఉపాయమేదీ పనికిరాదు.

కార్ల రంగుతో పోలిక

ఇటువంటి పరిమితి కార్ల రంగుకు కూడా వర్తిస్తుంది. ఆధునిక కార్లపై ప్రైమర్, రంగు పొర, క్లియర్ కోటు అన్నీ కలిపి సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. ఇందులో క్లియర్ కోటు సుమారు 40 నుండి 50 మైక్రాన్లు మాత్రమే. డీటెయిలింగ్‌లో చేసే పాలిషింగ్ ఈ పైపొరను కొన్ని మైక్రాన్ల మేరకు అరగదీసి సన్నని గీతలను తొలగిస్తుంది. లోహం వరకు దిగిన గీత, రాయి తగిలి లేచిన పెచ్చు, క్లియర్ కోటు ఊడిపోవడం, అడుగున పుట్టిన తుప్పు పాలిషింగ్‌తో పోవు. వాటికి తిరిగి రంగు వేయడమే మార్గం. పైగా ఈ క్లియర్ కోటు లక్కవలె వేడికి తిరిగి కరిగేది కాదు. కనుక ప్రతి పాలిషింగుకు పొర శాశ్వతంగా తరుగుతుంది.

నివారణ

సరిదిద్దలేని లోపాలలో ఎక్కువ భాగం పూతకు ముందు దశలలోనే పుడతాయి. కాబట్టి కొయ్యను నీడలో తగినంత కాలం ఆరబెట్టడం, ముడులు ఉన్న ముక్కలను పక్కన పెట్టడం, ఉపరితలాన్ని శుభ్రంగా ఉంచడం, లక్కను అవసరానికి మించి వేడి చేయకపోవడం ముఖ్యమైన జాగ్రత్తలు. అంకుడు కర్ర కొరత వలన ఆరబెట్టే కాలాన్ని తగ్గిస్తే పగుళ్ళు పెరిగి, కొరతగా ఉన్న కర్రే మరింత వృథా అవుతుంది.

రంగు వెలిసిపోవడాన్ని మాత్రం పూర్తిగా నివారించలేము. ఎండకు ఎక్కువగా తట్టుకునే కృత్రిమ రంగులు ఉన్నప్పటికీ, వాటిలో కొన్ని సీసం వంటి హానికర లోహాలను కలిగి ఉంటాయి. పిల్లలు నోటిలో పెట్టుకునే బొమ్మలకు అవి ప్రమాదకరం. ఈ కారణంగా సహజ రంగుల బొమ్మలను నేరుగా ఎండ పడని చోట ఉంచి, పొడి గుడ్డతో తుడవడం మేలు. మద్యసారం కలిసిన ద్రవాలు లక్కను కరిగిస్తాయి కనుక వాటితో శుభ్రం చేయరాదు.

ఇవి కూడా చూడండి

* ఏటికొప్పాక
* ఎస్.రాయవరం మండలం
* కొండపల్లి బొమ్మలు
* లక్క