గూగుల్ ట్యాగ్ మేనేజర్

గూగుల్ ట్యాగ్ మేనేజర్ అనేది వెబ్‌సైట్లలో సందర్శకుల కదలికలను నమోదు చేసే ట్యాగులను ఒకే చోటి నుండి నిర్వహించుటకు గూగుల్ సంస్థ రూపొందించిన ఉచిత సాధనం. ఇది 2012 అక్టోబరులో విడుదలైంది. వెబ్‌సైటు మూల కోడును ప్రతిసారీ మార్చకుండానే ట్యాగులను చేర్చడం, సవరించడం, తొలగించడం దీని ముఖ్య ప్రయోజనం. సందర్శకుని బ్రౌజరులో ఏ కోడు నడవాలో నిర్ణయించే అధికారం దీని వలన ప్రోగ్రామర్లతో పాటు మార్కెటింగు విభాగానికి కూడా లభిస్తుంది. అందుచేత ఇందులో సౌలభ్యం ఎంత కలదో బాధ్యత కూడా అంతే కలదు.

ట్యాగు అనగా

పేజీ తెరచినప్పుడు బ్రౌజరులో నడిచే చిన్న జావాస్క్రిప్టు కోడును గానీ, ఒక పిక్సెలు వెడల్పు, ఒక పిక్సెలు ఎత్తు గల, కంటికి కనబడని బొమ్మను గానీ ఇక్కడ ట్యాగు అంటారు. హెచ్.టి.ఎం.ఎల్. భాషలోని ట్యాగులు వేరు, ఇవి వేరు. ట్యాగు తన యజమాని సర్వరుకు సమాచారం పంపుతుంది. చూసిన పేజీ చిరునామా, సందర్శకుడు ఏ పేజీ నుండి వచ్చాడు, బ్రౌజరు రకం, ఐపీ చిరునామా, కుకీలో దాచిన గుర్తింపు సంఖ్య మొదలైనవి అందులో ఉంటాయి. కుకీలను 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ రూపొందించాడు.

ప్రయోజనాన్ని బట్టి ట్యాగులు ముఖ్యంగా రెండు రకాలు. సందర్శకుల సంఖ్యను, ప్రవర్తనను లెక్కించేవి విశ్లేషణ ట్యాగులు. ప్రకటన చూసినవారు వస్తువు కొన్నారా లేదా అని తెలుసుకొనుటకు, వారికి మళ్ళీ ప్రకటనలు చూపుటకు వాడేవి ప్రకటన ట్యాగులు.

చరిత్ర

గూగుల్ 2005లో అర్చిన్ అనే సంస్థను కొని, ఆ సంవత్సరం నవంబరులోనే గూగుల్ అనలిటిక్స్‌ను ప్రారంభించింది. ప్రకటనల సంస్థలు పెరిగిన కొద్దీ ఒక్కొక్క వెబ్‌సైటులో అతికించవలసిన ట్యాగులు కూడా పెరిగాయి. ఒక చిన్న మార్పుకైనా ప్రోగ్రామరు కోసం వేచి ఉండవలసి వచ్చేది. పని ముగిసిన ట్యాగులను తీసివేసేవారు లేక అవి పేజీలలోనే మిగిలిపోయేవి. ఈ ఇబ్బందిని తీర్చుటకు ట్యాగుల నిర్వహణ సాఫ్టువేర్లు పుట్టాయి. 2008లో స్థాపింపబడిన టీలియం ఈ రంగంలోని తొలి సంస్థలలో ఒకటి. 2012లో గూగుల్ తన సాధనాన్ని ఉచితంగా ఇవ్వడంతో చిన్న సంస్థలకు కూడా ఇది అందుబాటులోకి వచ్చింది. పెద్ద సంస్థల కొరకు 2016లో ట్యాగ్ మేనేజర్ 360 అనే చెల్లింపు రూపాన్ని గూగుల్ ప్రకటించింది.

పనిచేయు విధానం

వెబ్‌సైటు యజమాని ముందుగా ఒక కంటైనరును సృష్టించి, దాని కోడును ప్రతి పేజీలోనూ ఒకసారి చేరుస్తాడు. ఆ తరువాతి పని అంతా గూగుల్ వారి పేజీలోనే జరుగుతుంది. ఇందులోని ముఖ్య భాగాలు:

* ట్యాగు: ఏమి చేయాలో తెలిపేది.
* ట్రిగ్గరు: ఎప్పుడు చేయాలో తెలిపేది.
* వేరియబులు: ట్యాగుకు, ట్రిగ్గరుకు కావలసిన విలువను అందించేది.
* డేటా లేయరు: వెబ్‌సైటు తన వద్దనున్న వివరాలను కంటైనరుకు అందించే జావాస్క్రిప్టు జాబితా.

ఉదాహరణకు, పుస్తకాలు అమ్మే ఒక వెబ్‌సైటులో పాఠకుడు 250 రూపాయల పుస్తకం కొన్నాడనుకుందాం. కొనుగోలు పూర్తికాగానే వెబ్‌సైటు ఆర్డరు సంఖ్యను, ధరను డేటా లేయరులో ఉంచుతుంది. 'కొనుగోలు' అనే ట్రిగ్గరు దానిని గుర్తించగా, ట్యాగు ఆ విలువలను విశ్లేషణ సర్వరుకు పంపుతుంది. పాఠకుడు ఆ పేజీని మళ్ళీ లోడు చేస్తే అదే అమ్మకం రెండుసార్లు లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. ఆర్డరు సంఖ్యను కూడా పంపడం వలన ఇటువంటి పునరుక్తిని గుర్తించవచ్చు.

మార్పులను ప్రచురించుటకు ముందు ప్రివ్యూలో పరీక్షించవచ్చు. ప్రతి ప్రచురణ ఒక వెర్షనుగా భద్రపరచబడుతుంది కనుక, పొరపాటు జరిగితే పాత వెర్షనుకు తిరిగి వెళ్ళవచ్చు. చూచుటకు, సవరించుటకు, ఆమోదించుటకు, ప్రచురించుటకు వేర్వేరు అనుమతులు కలవు. ప్రచురించే అనుమతిని కొద్దిమందికే ఇవ్వడం, వాడుకలో లేని ట్యాగులను తొలగించడం మంచి పద్ధతులు.

గోప్యత, చట్టాలు

ఐరోపా సమాఖ్యలో జీడీపీఆర్ చట్టం 2018 మే 25 నుండి వర్తిస్తున్నది. ముందుగానే టిక్కు పెట్టి ఉంచిన పెట్టె కుకీలకు సమ్మతి కాజాలదని 2019 అక్టోబరు 1న ఐరోపా న్యాయస్థానం తీర్పునిచ్చింది. సందర్శకుని సమ్మతిని బట్టి ట్యాగుల ప్రవర్తనను మార్చే 'కన్సెంట్ మోడ్'ను గూగుల్ 2020లో ప్రవేశపెట్టింది. అయితే కంటైనరు లోడు అయినప్పుడే సందర్శకుని ఐపీ చిరునామా గూగుల్ సర్వరుకు చేరుతుంది. 2025 మార్చిలో జర్మనీలోని హానోవర్ పరిపాలనా న్యాయస్థానం, ట్యాగ్ మేనేజరును వాడుటకు కూడా ముందుగా సమ్మతి అవసరమని తీర్పు చెప్పింది.

భారతదేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో ఆమోదం పొందింది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటింపబడ్డాయి. నిబంధనలు దశలవారీగా అమలులోకి వచ్చేటట్లు వాటిని రూపొందించారు. ఈ చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకొనే వీలు కల్పించాలి. తెలుగు ఆ భాషలలో ఒకటి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల కదలికలను గమనించడాన్ని, వారిని ఉద్దేశించి ప్రకటనలు చూపడాన్ని కొన్ని మినహాయింపులతో ఈ చట్టం నిషేధిస్తుంది.

భద్రత, పరిమితులు

బయటి సంస్థల కోడుకు పేజీలో టైపు చేసే వివరాలను చదివే శక్తి ఉంటుంది. 2018లో టికెట్‌మాస్టర్ సంస్థ చెల్లింపు పేజీలో ఉంచిన, వేరొక సంస్థకు చెందిన చాట్ కోడు ద్వారా దొంగలు ఖాతాదారుల కార్డుల వివరాలను కాజేశారు. ఇందుకు బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2020లో టికెట్‌మాస్టరుకు 12.5 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. ఆ కోడు ట్యాగ్ మేనేజర్ ద్వారా చేర్చినది కాకపోయినా, ఇందులోని పాఠం ట్యాగులన్నిటికీ వర్తిస్తుంది. చెల్లింపు పేజీలలో అవసరం లేని ట్యాగులు ఉంచరాదు.

సఫారీ బ్రౌజరు 2020 నుండి బయటి సైట్ల కుకీలను పూర్తిగా అడ్డుకుంటున్నది. ప్రకటనలను నిరోధించే సాఫ్టువేర్లు ట్యాగ్ మేనేజరును సైతం ఆపగలవు. కావున ట్యాగుల ద్వారా వచ్చే లెక్కలు సంపూర్ణమైనవి కావు. 2020లో వచ్చిన సర్వరు పద్ధతిలో సమాచారం ముందుగా వెబ్‌సైటు యజమాని అధీనంలోని సర్వరుకు చేరి, అక్కడి నుండి ఇతరులకు వెళుతుంది. దీని వలన పంపే వివరాలపై యజమానికి అదుపు పెరుగుతుంది. కాని ఆ వివరాలు ఎవరెవరికి చేరుతున్నాయో సందర్శకుడు తన బ్రౌజరులో చూడలేడు.

ఇవి కూడా చూడండి

* గూగుల్ అనలిటిక్స్
* కుకీ
* జావాస్క్రిప్టు
* గోప్యత హక్కు