రోమనుల సెన్సారులు

ప్రాచీన రోమునగరమున సచ్ఛీలము ఇంటి పెద్దల హితోపదేశములకే విడిచిపెట్టబడక, ఒక ప్రభుత్వోద్యోగమునకు అప్పగింపబడినది. క్రీ.పూ. 443లో ఏర్పడినదని చరిత్రకారులు చెప్పెడు సెన్సారు పదవికి సుమారైదేండ్లకొకమారు ఇరువురిని ఎన్నుకొనుచుండిరి. పౌరుల జనసంఖ్యను, ఆస్తిపాస్తులను లెక్కవ్రాయు ఆ అధికారులే, సెనేటు సభ్యుల పట్టికను సవరించుచు, నడవడి చెడినవాని పేరు ప్రక్కన ఒక గుర్తు పెట్టెడివారు. జరిమానా లేదు, చెఱసాల లేదు. ఆ గుర్తు పడినంతమాత్రముననే సభ్యుడు సెనేటును, ఆశ్వికుడు ప్రభుత్వమిచ్చిన గుఱ్ఱమును విడువవలసివచ్చెడిది. ఇరువురు సెన్సారులు ఏకీభవింపనిచో అది చెల్లదు. తరువాతి సెన్సారులు దానిని తుడిచివేయవచ్చును.

రెండుమార్లు కాన్సలు పదవిని, ఒకమారు డిక్టేటరు పదవిని అలంకరించిన కొర్నీలియస్ రూఫినస్ క్రీ.పూ. 275లో సెనేటునుండి తొలగింపబడినది పది పౌనుల వెండిపాత్రలు ఇంట నుంచుకొన్నందుకు!

ఈ పదవి పేరు చెప్పినంతనే స్ఫురించువాడు క్రీ.పూ. 184 నాటి కేటో. విందులో నొక ప్రియజనుని సంతోషపెట్టుటకై మనుష్యుని వధించిన లూషియస్ ఫ్లామినైనస్‌ను సెనేటునుండి వెడలగొట్టుట న్యాయమే. కాని పట్టపగలు, కూతురు చూచుచుండగా భార్యను ముద్దిడెనని మనీలియస్‌ను తొలగించుట చాదస్తమనక తప్పదు. 15,000 ఆసులకు (ఆసు రోమనుల కంచునాణెము) మించిన ఆభరణములకు, స్త్రీల వస్త్రములకు, వాహనములకు పదిరెట్లు విలువకట్టి, వేయింటికి మూడు ఆసుల వంతున పన్ను విధించి, ధనికుల ఆడంబరమును వారి మూటముల్లెల దగ్గఱనే పట్టుకొన్నాడు. ఇంతటి నిగ్రహశాలియు, తన వ్యవసాయ గ్రంథమున, ముసలి యెద్దులతోపాటు ముసలి బానిసను, రోగియైన బానిసను అమ్మివేయుమని గృహస్థునకు నిశ్చింతగా సలహా నిచ్చెను. ప్లూటార్కు ఆయన చరిత్ర వ్రాయుచు ఈ కాఠిన్యమును నిష్కర్షగా గర్హించినాడు. మితవ్యయమును శీలమని భ్రమించిన లోపమిది. కేటోను ఆదర్శపురుషునిగా కొలుచువారు ఈ పుటను త్వరగా త్రిప్పివేయుదురు.

ఆ గుర్తునకు బలము సిగ్గు. సిగ్గు సన్నగిల్లినకొలది గుర్తు తేలికయయ్యెను. క్రీ.పూ. 115లో సెనేటునుండి వెడలగొట్టబడిన లిసీనియస్ గీటా 108లో తానే సెన్సారై కూర్చుండెను. క్రీ.పూ. 22లో ఎన్నికైన ఇరువురే సామాన్యపౌరులలో ఆ పదవి నెక్కిన కడపటి జంట. పిమ్మట ఆ అధికారము చక్రవర్తుల చేతికి పోయినది.