స్టువర్టుపురం: పని లేని నేరం

1860 నాటి భారత శిక్షాస్మృతి 39వ సెక్షన్ ప్రకారం, ఒక ఫలితాన్ని కోరి తెచ్చినా, తాను చేసే పనివల్ల అది జరగవచ్చని తెలిసి ఆ పని చేసినా, మనిషి దాన్ని బుద్ధిపూర్వకంగా చేసినట్టే. బలవంతం మీద చేసినవీ, తెలియక చేసినవీ పక్కన పెట్టాకే మెచ్చుకోలుకైనా నిందకైనా చోటుందని అంతకు రెండువేల ఏళ్ల ముందే అరిస్టాటిల్ అన్నాడు. ఎవరి లెక్కలోనైనా ముందు ఒక మనిషి, అతను చేసిన ఒక పని ఉండాలి. శిక్షాస్మృతి వచ్చిన పదకొండేళ్లకే, 1871లో, అదే ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టానికి మాత్రం పనితో పని లేదు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఆ తర్వాత కొద్ది కాలానికే బాపట్ల, చీరాల మధ్య ఆ చట్టం కిందకు వచ్చిన ఎరుకలవారి కోసం క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో సెటిల్‌మెంట్ వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు.

జాతిని నోటిఫై చేస్తే చాలు, అందులో పుట్టినవాళ్ల పేర్లు, వేలిముద్రలు రిజిస్టరుకెక్కవచ్చు. ఆ నోటిఫికేషన్ చెల్లదని ఏ కోర్టూ అనకూడదు. రిజిస్టరైన మనిషి దొంగతనానికి సిద్ధపడుతున్నట్టు కోర్టుకు తోచే పరిస్థితుల్లో కనబడితే మూడేళ్ల వరకు జైలు. కులవృత్తుల దేశంలో దొంగతనమూ ఒక కులవృత్తేనన్నది ఆనాటి అధికారుల సమర్థన. ఈ వాదన తన కాళ్లను తనే నరుక్కుంటుంది. నేరం నిజంగా పుట్టుకతోనే వచ్చి, మనిషి దాన్ని తప్పించుకోలేకపోతే, అది అతని ఇష్టంతో జరిగిన పని కాదు. శిక్షించడానికి ఆధారమే లేదు. తప్పించుకోగలిగిందే అయితే, ఎవరు తప్పించుకున్నారో ఎవరు తప్పించుకోలేదో ఒక్కొక్కరి మీదా రుజువు చేయాలి. చట్టం తనకు అక్కరైనప్పుడు మొదటిదీ, శిక్ష వేసేటప్పుడు రెండోదీ పట్టుకుంది. పైగా ఎరుకలవారిలో చాలామంది పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లకు చేరవేసిన వర్తకులు. ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్లు ఆ బతుకుతెరువును దెబ్బతీశాయని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ చూపించారు. నెత్తురులో వెతికిన కారణం రైలు పట్టాల మీద ఉంది.

నిజంగా దొంగతనాలు చేసినవాళ్లు లేరా, పోలీసులు చేతులు కట్టుకు కూర్చోవాలా అని అడగవచ్చు. లేరని అనడం అబద్ధమే. కానీ అలవాటు నేరస్థుల నుంచి జామీను తీసుకోవడానికి 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 110వ సెక్షన్ ఉండనే ఉంది. అందులో నోటీసు, విచారణ, మనిషి పేరు ఉన్నాయి. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి: సెటిల్‌మెంటు భూమి, బడి, పని ఇచ్చింది కదా? ఇచ్చింది, ఆ మేలు కొందరికి అందింది కూడా. అయితే పాస్ లేకుండా గడప దాటితే అరెస్టయ్యే చోట పొలం దున్నినవాణ్ణి చూసి అతను మారాడని ఎలా చెప్పగలం? దొంగతనం మానడం అతని నిర్ణయమో, కావలివాడి నిర్ణయమో తేల్చే వీలునే ఆ ఏర్పాటు చెరిపేసింది. హేమలతా లవణం 1970లలో అక్కడ చేపట్టిన సంస్కరణ పని వేరే దారిలో నడిచింది. మనిషితో మాట్లాడి, అతని చేత మానిపించాలని చూసింది.

మద్రాసు ప్రభుత్వం చట్టాన్ని 1947లో తీసేసింది. దేశమంతటా రద్దు కావడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది. మద్రాసులో 1948లో వచ్చిన అలవాటు నేరస్థుల చట్టం జాతిని వదిలి, వ్యక్తి మీద రుజువైన నేరాలను ఆధారం చేసుకుంది. 1991లో మాత్రం ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అని ఒకే ఏడాది రెండు సినిమాలొచ్చాయి. వాటికి ఊరి పేరు చాలింది.