సూరత్‌లో తెలుగు పుస్తకం వెదకడం

తపతీ తీరాన వెలసిన సూరత్‌ను మన చరిత్ర గ్రంథాలు ప్రధానంగా రేవుపట్టణంగానే వర్ణిస్తాయి. పుస్తకాల విషయంలోనూ ఆ నగరానికి చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది. 1850లోనే అక్కడ ఆండ్రూస్ గ్రంథాలయం నెలకొన్నది. గుజరాతీ నిఘంటువు 'నర్మకోశం' కూర్చిన నర్మద్ (1833-1886) ఆ ఊరివాడే. 1965లో ఏర్పడిన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి 2004లో ఆయన పేరే పెట్టారు.

ఇదే సూరత్‌లో మరమగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుండి వలసవెళ్ళి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అనేకం. వారి పిల్లలకోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడిపింది. అక్కడ చదువుకొని కళాశాల మెట్లెక్కిన యువకుడు ఒక తెలుగు గ్రంథంకోసం విశ్వవిద్యాలయ గ్రంథాలయపు కేటలాగు ముందు నిలిచాడనుకుందాం. అతనికి మొదటి చిక్కు రచయిత పేరుతోనే వస్తుంది.

గుజరాతీయులు తమ పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వ్రాస్తారు. నర్మద్ పూర్తి పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. మనకు ఇంటిపేరే ముందు. చివరి మాటే ఇంటిపేరనే పాశ్చాత్య నియమాన్ని యాంత్రికంగా పాటిస్తే గురజాడవారు 'అప్పారావు' కింద చేరతారు. అప్పారావులకు తెలుగునాట కొదువ లేదు గదా! వీరేశలింగంగారి విషయంలో కందుకూరి, వీరేశలింగం, పంతులు అనే మూడు మాటలలో దేనికింద వెదకాలి? పైగా రోమన్ లిపిలో దీర్ఘాన్ని ఒకరు ఒక అక్షరంతో, మరొకరు రెండింటితో వ్రాస్తారు. ఆ మాటకొస్తే నర్మద్‌నే 'దవే' అని వెదికే సూరత్ వాసి ఎంతమంది?

ఈ సమస్య కొత్తది కాదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యతలు స్వీకరించిన ఎస్.ఆర్. రంగనాథన్ 1934లో తన సూచీ నియమావళిని వెలువరిస్తూ భారతీయ నామాల ప్రశ్నను పట్టించుకున్నారు. అంతకు ముందే, 1910లో, బరోడా ప్రభువు శాయాజీరావు అమెరికా నుండి బోర్డెన్‌ను పిలిపించి గ్రంథాలయ వ్యవస్థను నిర్మింపజేశారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అవతరించింది. ఇరుప్రాంతాలవారికీ పుస్తకం ఊరూరా చేరాలన్నదే తపన. చేరిన పుస్తకాన్ని దూరదేశపు పాఠకుడు ఏ పేరున అడుగుతాడన్న యోచనకు అప్పట్లో అంత అవసరం కలగలేదు.

1991లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆరంభించిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ గుజరాత్ కేంద్రంగానే పనిచేస్తూ దేశంలోని విశ్వవిద్యాలయాల గ్రంథసూచికలను ఒకచోట చేర్చింది. సూరత్‌లో లేని పుస్తకం హైదరాబాదులోనో వాల్తేరులోనో ఉన్నదని తెలుసుకొనే వీలు ఈనాడు కలిగింది. అయితే యంత్రం అడిగిన అక్షరాలనే వెదకుతుంది. కనుక అన్వేషకుడు ఇంటిపేరుతో ఒకమారు, అసలు పేరుతో ఒకమారు, దీర్ఘాలు మార్చి మరొకమారు ప్రయత్నించవలసిందే. గ్రంథనామంలోని ఒక్క మాటతో వెదకడం తరచు మేలు.

పూర్వపు కార్డుల పెట్టెలలో దీనికొక చిన్న ఉపాయం ఉండేది. 'గురజాడ' అన్న కార్డు తీస్తే, 'అప్పారావు' కింద చూడుడు అని ఉండేది. ఆ ఒక్క పంక్తిని కంప్యూటరులోనికి కూడా తప్పక ఎక్కించాలని గ్రంథాలయాధికారులకు మా మనవి.