జైలు చక్రం నుంచి ఎలిప్టికల్ దాకా

మన సంఘ సమావేశాలలో టీ విరామ సమయాన ఈ మధ్య తరచుగా వినవస్తున్న ప్రశ్న ఒకటున్నది. "మా అబ్బాయి ఎలిప్టికల్ మెషీను కొని పంపిస్తానంటున్నాడు, తీసుకోమంటారా?" అని. దూరాన ఉన్న పిల్లలు తల్లిదండ్రుల మోకాళ్ల గురించి, గుండె గురించి బెంగపడి చేసే ప్రతిపాదన ఇది. ధర చూస్తే కొందరికి ఒక నెల పెన్షను. స్థలం చూస్తే ఒక మంచమంత. కొనాలా వద్దా అని తేల్చుకొనే ముందు ఈ యంత్రం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇంట్లో కూర్చోబెట్టి వ్యాయామం చేయించే యంత్రం కొత్త ఆలోచన కాదు. 1796లోనే ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆంగ్లేయుడు 'జిమ్నాస్టికాన్' పేరిట ఒక యంత్రానికి పేటెంటు పొందాడు. కాళ్లకు తొక్కుడు పలకలు, చేతులకు తిప్పుడు పిడులు. నేటి ఎలిప్టికల్‌కు ఇదే ముత్తాత అనుకోవచ్చు. రోగులకు, కదలక కూర్చుని పనిచేసే వారికి ఉపయోగమని ఆయన ప్రచారం.

ఆ తరువాత కథ జైలుకు మళ్లింది. విలియం క్యూబిట్ అనే ఇంజనీరు 1818లో ఖైదీల కోసం పెద్ద తొక్కుడు చక్రం రూపొందించాడు. చక్రం చుట్టూ మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ. ఎంత ఎక్కినా పైకి చేరేది లేదు. 1821లో లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైలులో పెట్టిన చక్రం పేరుమోసింది. ఆస్కార్ వైల్డ్ వంటి రచయిత కూడా శిక్షాకాలంలో ఇటువంటి చక్రం తొక్కవలసి వచ్చింది. 1898 నాటి చట్టంతో బ్రిటిషు జైళ్లలో ఈ పద్ధతికి స్వస్తి పలికారు. ట్రెడ్‌మిల్లు అన్న పేరు మాత్రం మిగిలిపోయింది. నాడు శిక్షగా విధించిన పనిని నేడు మనవాళ్లు వాయిదాల మీద కొనుక్కుంటున్నారు!

స్వీడన్ దేశపు వైద్యుడు గుస్తావ్ జాండర్ 1865లో స్టాక్‌హోమ్‌లో ఇరవై ఏడు యంత్రాలతో ఒక వైద్యశాల ప్రారంభించాడు. కుర్చీకి అతుక్కుపోయిన ఆఫీసు ఉద్యోగి శరీరానికి యంత్రమే మందు అన్నది ఆయన వాదం. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ యంత్రాలకు మంచి పేరు వచ్చింది. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలో కరెంటుతో నడిచే గుర్రం, ఒంటె కూడా ఉండేవంటే ఈ మోజు ఎంతదూరం వెళ్లిందో ఊహించుకోవచ్చు.

మనవైపు తాలింఖానాలు, దండీలు, బస్కీలు, కర్రసాము ఉండనే ఉన్నాయి. కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తినాయుడి గారి పేరు వినని ఉత్తరాంధ్ర కుటుంబం ఉండదు. యూజిన్ శాండో అనే జర్మను మల్లుడు 1905 ప్రాంతంలో మనదేశం పర్యటించి వెళ్లాక ఆయన పేరు మన బనియన్లకు కూడా అంటుకుంది. 1970లలో పత్రికలలో వచ్చిన బుల్‌వర్కర్ ప్రకటనలు మన సభ్యులలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కానీ ఇవన్నీ కండల కోసం. గుండె సంగతి అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

గుండె సంగతి తేల్చినది బస్సు ఉద్యోగులు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లండన్ రవాణా సంస్థ సిబ్బందిని పరిశీలించి 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఒకే సంస్థ, ఒకే బస్సు, దాదాపు ఒకే తరగతి మనుషులు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు రెండంతస్తుల బస్సులో టిక్కెట్ల కోసం రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వచ్చినవారిలోనూ ప్రాణం మీదికి వచ్చినది తక్కువ. తపాలా శాఖలో చూసినా సైకిలు మీద, కాలినడకన ఉత్తరాలు పంచే వారికీ, కూర్చునే గుమాస్తాలకూ ఇదే తేడా.

ఆ ఫలితాన్ని వెంటనే అందరూ ఒప్పుకోలేదు. లావుగా ఉన్నవారే డ్రైవరు ఉద్యోగం ఎంచుకుంటారేమో అన్నారు. దానికి మోరిస్ బృందం చేసిన పని నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. సంస్థ యూనిఫారాల రికార్డులు తెప్పించి ప్యాంటు నడుము కొలతలు చూశారు. డ్రైవర్ల నడుము పెద్దదే, నిజమే. అయినా సన్నగా ఉన్న డ్రైవర్లను సన్నగా ఉన్న కండక్టర్లతో పోల్చినా డ్రైవర్లకే ఆకస్మిక మరణాలు ఎక్కువ అని తరువాతి పరిశీలనలో తేలింది. యూనిఫారం ఇండెంట్లు వ్రాసిన మన స్టోర్సు గుమాస్తాలు తమ రిజిస్టర్లకు ఇంత విలువ ఉంటుందని అనుకుని ఉండరు. మోరిస్ 1910లో పుట్టి 2009 దాకా జీవించారు.

ముప్ఫై ఏళ్లు సీటులో కూర్చుని ఫైళ్లు చూసినవారు డ్రైవరు పక్షాన ఉన్నారనీ, లైను మీద తిరిగినవారు, బీటు నడిచినవారు కండక్టరు పక్షాన ఉన్నారనీ అనుకోవచ్చు. అయితే రిటైరైన మర్నాటినుంచి కండక్టరు కూడా డ్రైవరే.

ట్రెడ్‌మిల్లు ఆసుపత్రికి వచ్చినది అమెరికాలో. సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ అనే గుండె వైద్యుడు, వేన్ క్వింటన్ అనే ఇంజనీరు 1952 ప్రాంతంలో దానిని రోగపరీక్షకు మలిచారు. మనం చేయించుకునే టి.ఎం.టి. పరీక్షలో మూడేసి నిమిషాలకు వేగం, ఎత్తు పెరిగే పద్ధతి బ్రూస్‌గారిదే. 1968లో కెన్నెత్ కూపర్ 'ఏరోబిక్స్' పుస్తకంతో పరుగు ఉద్యమమైంది. పరుగుతో పాటు మోకాళ్ల నొప్పులూ వచ్చాయి.

ఆ అవసరంలోనుంచి పుట్టినదే ఎలిప్టికల్. జనరల్ మోటార్స్‌లో ఇంజనీరుగా పనిచేసిన లారీ మిల్లర్ తన కూతురు పరుగెత్తుతుండగా వీడియో తీసి, పాదం గాలిలో గీసే దారిని గమనించాడని చెబుతారు. అది వలయం కాదు, కోడిగుడ్డులా సాగిన దీర్ఘవృత్తం. ఆ దారిలో కదిలే పెడళ్లతో యంత్రం చేసి పేటెంటు పొందాడు. ప్రీకోర్ కంపెనీ 1995లో దానిని బజారులోకి తెచ్చింది. మన దుకాణాలలో క్రాస్ ట్రైనర్ అని కూడా అంటున్నారు.

ఇక విలువ కట్టవలసి వస్తే, దీని సుగుణం పాదం పెడల్‌ను విడవకపోవడం. నేలకు తగిలే దెబ్బ లేదు కనుక అరిగిన మోకాలికి పరుగు కన్న ఎంతో సుఖం. మనిషి ఆగితే యంత్రమూ కొద్దిసేపట్లో ఆగుతుంది. ట్రెడ్‌మిల్లు పట్టా ఆగదు. ఇంటికి అమ్మే చాలా రకాలకు కరెంటు కూడా అక్కరలేదు, తెరకు బ్యాటరీలు చాలు. దీని లోపం కూడా ఆ సుగుణంలోనే ఉన్నది. దెబ్బ లేదు కనుక ఎముకకు నడకవల్ల వచ్చేంత బలం రాదు. పాదం లేవదు కనుక పడిపోకుండా నిలదొక్కుకునే అలవాటు పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామంతో పాటు, అరవై అయిదు దాటిన వారికి మూడు రోజులు బలానికీ, తూకానికీ సంబంధించిన కదలికలు కూడా ఉన్నాయి. కాబట్టి వీధి బాగుండి, మోకాళ్లు సహకరిస్తే నడకకు ఇది సాటి రాదని నా ఉద్దేశం. కుక్కల భయం, గుంతల రోడ్డు, వానాకాలం, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి మాత్రం ఖర్చు దండగ కాదు.

కొనదలచినవారు దుకాణంలోనే పది నిమిషాలు తొక్కి చూడాలి. చౌకరకాలలో అంగ పన్నెండు, పదమూడు అంగుళాలే ఉంటుంది. అప్పుడది నడకలా కాక మెట్లెక్కినట్లుంటుంది. పద్దెనిమిది అంగుళాలకు తగ్గకుంటే మేలు. తెరమీద చూపే క్యాలరీలను నమ్మి మధ్యాహ్నం జిలేబీ తినవద్దు, ఆ లెక్క తరచు ఎక్కువే చూపిస్తుంది. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి నాడి వేగం పెరగవలసినంత పెరగదు గనుక నాడి అంకె చూసి ఇంకా గట్టిగా తొక్కడం ప్రమాదం. పక్కవారితో మాట్లాడగలిగినంత ఆయాసంతో సరిపెట్టుకోవాలి. స్టెంటు, మోకీలు మార్పిడి అయినవారు డాక్టరును అడగనిదే ఎక్కకూడదు. పెడళ్లు పూర్తిగా ఆగాకే దిగాలి. యంత్రం మీద నిలబడితే మనిషి ఒక అడుగు పైకి లేస్తాడు. సీలింగ్ ఫ్యాను కింద మాత్రం పెట్టించకండి.